పెళ్లి జనరేటర్ ఆర్‌పీఎం సరిగ్గా కొలవడానికి నాకు ఎనిమిది వారాలు పట్టింది

నవంబర్ 2024లో ఒక పెళ్లిలో మా మామయ్య తల దించుకోవాల్సి వచ్చింది. ఆయనకు నల్గొండ జిల్లాలో టెంట్ హౌస్ ఉంది. షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు, లైటింగ్, వాటితోపాటు ఒక 7.5 కేవీఏ డీజిల్ జనరేటర్. ఒకటే సిలిండర్ ఉన్న 10 హెచ్‌పీ ఇంజన్, కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌కి నేరుగా కప్లింగ్ చేసి ఉంటుంది. ఆ రోజు ముహూర్తానికి పావుగంట ముందు కరెంటు పోతే జనరేటర్ వేశారు. లైట్లు వెలిగాయి, మైకు పనిచేసింది. వీడియో మిక్సింగ్ చేసే అబ్బాయి యూపీఎస్ మాత్రం జనరేటర్ కరెంటును తీసుకోలేదు. బీప్ కొడుతూ బ్యాటరీ మీదే ఉండిపోయింది. సరిగ్గా జీలకర్రబెల్లం పెట్టే వేళకు బ్యాటరీ అయిపోయి రికార్డింగ్ ఆగింది. పెళ్లివాళ్లు బిల్లులో ఎనిమిది వేలు తగ్గించి ఇచ్చారు. డబ్బు కంటే ఆ పెళ్లికూతురు తల్లి అన్న మాటలే మామయ్యను ఎక్కువ బాధపెట్టాయి.

వోల్టేజి చూస్తే 228. మెకానిక్ అన్న వచ్చి కాసేపు విని "స్పీడు బరాబరే ఉంది" అన్నాడు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాను, చదివింది ఈసీఈ. ఫోన్‌లో మామయ్య చెప్పింది విన్నాక నాకు అనుమానం ఫ్రీక్వెన్సీ మీదికి, అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు అటూఇటూ ఊగుతుందనే లెక్క (హెర్ట్జ్) మీదికి పోయింది. నాలుగు పోల్స్ (అయస్కాంత ధ్రువాలు) ఉన్న ఆల్టర్నేటర్‌లో ఇంజన్ ఆర్‌పీఎంను, అంటే నిమిషానికి తిరిగే చుట్లను, 30తో భాగిస్తే హెర్ట్జ్ వస్తుంది. 1500 తిరిగితే 50. వోల్టేజి బాగానే ఉన్నా ఫ్రీక్వెన్సీ ఊగుతుంటే యూపీఎస్ ఆ కరెంటును నమ్మదు. "ఏమన్న చెయ్యగలవా చూడరా, మాఘమాసంల ఆరు పెళ్లిళ్లు ఒప్పుకున్న" అన్నాడు మామయ్య.

మల్టీమీటర్‌లో హెర్ట్జ్ ఉంటుంది కదా అంటారేమో. దాన్నే ముందు పెట్టించాను. 48.9, 50.3, 49.5 అంటూ అంకె తిరుగుతోందని తెలిసింది. ఎంత త్వరగా ఊగుతోంది, ఏ లోడు దగ్గర మొదలవుతోంది అన్నది దాంతో తెలియలేదు. నాకు ప్రతి చుట్టుకూ ఒక లెక్క కావాలి.

డిసెంబర్ 8, ఆదివారం. కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లాను. ఆర్డ్వినో ఊనో (మనం రాసిన ప్రోగ్రాం నడిపే చిన్న బోర్డు) నకలు 480 రూపాయలు, అయస్కాంతాన్ని గుర్తించే ఏ3144 హాల్ సెన్సర్లు ఐదు 100 రూపాయలు, 6 మిల్లీమీటర్ల నియోడిమియం అయస్కాంతాలు పది 120 రూపాయలు, 16 అక్షరాలు రెండు వరుసల ఎల్‌సీడీ 260, బ్రెడ్‌బోర్డు, వైర్లు కలిపి 200. రూముకు వచ్చి సెన్సర్ కలిపితే అది అయస్కాంతాన్ని చూస్తోందో లేదో అర్థం కాలేదు. ఒకసారి చూస్తుంది, ఒకసారి చూడదు. రెండు గంటలు ప్రోగ్రాం దిద్దుతూ కూర్చున్నాను. చివరికి మల్టీమీటర్ పెడితే అవుట్‌పుట్ 2.5 వోల్టుల దగ్గర నిలబడి ఉంది. ఏ3144 అయితే పుల్-అప్ రెసిస్టర్‌తో (అవుట్‌పుట్‌ను పైకి లాగి ఉంచేది) 5 వోల్టులు ఉండాలి, అయస్కాంతం దగ్గరికి వస్తే దాదాపు సున్నాకు పడాలి, మధ్యలో ఏమీ ఉండకూడదు. ఫోన్ కెమెరాతో దగ్గరగా చూస్తే సెన్సర్ మీద 49ఈ అని ఉంది. అది అయస్కాంత బలాన్ని బట్టి వోల్టేజిని కొద్దికొద్దిగా మార్చే వేరే రకం. చూడటానికి రెండూ అచ్చం ఒకలాగే ఉంటాయి. కొనేటప్పుడే మీద రాసింది చదువుకోండి. మార్చుకోవడానికి మళ్లీ శనివారం దాకా ఆగాల్సి వచ్చింది.

సరైన సెన్సర్ వచ్చాక ఇంకో పూట పోయింది. ఏ3144 ఒక్క ధ్రువానికే స్పందిస్తుంది, అక్షరాలున్న ముఖం వైపు దక్షిణ ధ్రువం రావాలి. నేను తిప్పి అతికించాను. అప్పటి నుంచి పనిచేసే వైపు మార్కర్‌తో చుక్క పెట్టడం అలవాటైంది.

డిసెంబర్ 15న అడిగి తెచ్చుకున్న డ్రిల్ మెషిన్‌కి చెక్క బిళ్ల బిగించి, దాని మీద అయస్కాంతం పెట్టి మొదటి ప్రయోగం చేశాను. అయస్కాంతం సెన్సర్ ముందుకు వచ్చిన ప్రతిసారీ ఒక పల్స్ వస్తుంది. నాకు తెలిసిన పద్ధతి ఒక్క సెకనులో వచ్చిన పల్స్‌లు లెక్కపెట్టి 60తో గుణించడం. తెర మీద 1440, 1500, 1560 అనే మూడు అంకెలు తప్ప మరొకటి రాలేదు. 1500 ఆర్‌పీఎం అంటే సెకనుకు 25 చుట్లే. లెక్కలో ఒక పల్స్ అటూఇటూ అయితే 60 ఆర్‌పీఎం తేడా. హెర్ట్జ్‌లో చెప్పాలంటే రెండు. యూపీఎస్ ఎందుకు అలిగిందో తేల్చాలనుకుంటున్న నాకు ఈ మీటరు ఎందుకూ పనికిరాదు. పది సెకన్లు లెక్కపెడితే తేడా 6కు తగ్గుతుంది, కానీ ఆ పది సెకన్లలో ఇంజన్ ఎన్నిసార్లు ఊగినా కనపడదు.

అందుకని లెక్క తిరగేశాను. చుట్లు కాదు, ఒక్క చుట్టుకు పట్టే కాలాన్ని కొలవాలి. 1500 దగ్గర ఒక చుట్టుకు 40 మిల్లీసెకన్లు. ఆర్డ్వినోలో మైక్రోస్ అనే ఫంక్షన్ 4 మైక్రోసెకన్ల మెట్లతో కాలం చెబుతుంది. పదివేలలో ఒక వంతు, అంటే 0.15 ఆర్‌పీఎం. ఇంటరప్ట్ (పల్స్ రాగానే చేస్తున్న పని ఆపించి మన కోడ్‌ను నడిపించే ఏర్పాటు) పెట్టి ఇలా మార్చగానే అంకెలు 1512, 1509, 1511 అంటూ మనిషి నమ్మేలా వచ్చాయి. నిజం చెప్పాలంటే చాలామందికి ఇది చాలు. సగటు వేగం మాత్రమే కావాలంటే ఇక్కడే ఆగండి. ఒక జాగ్రత్త: ఇంటరప్ట్‌లో మారే నాలుగు బైట్ల విలువను బయట చదివేటప్పుడు ఆ క్షణం ఇంటరప్ట్‌లు ఆపాలి. లేకపోతే సగం పాతది, సగం కొత్తది కలిసి విచిత్రమైన అంకె వస్తుంది.

డిసెంబర్ 22న ఊరికి వెళ్లాను. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ గుండె గుభేలుమంటుంది. ఫ్లైవీల్ (ఇంజన్‌కు ఉండే బరువైన చక్రం) అంచు మీద అయస్కాంతాన్ని ఎరాల్డైట్‌తో అతికించి, రెండు గంటలు ఆరనిచ్చి, హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేశాం. సెన్సర్ లైటు మిణుకుమంది, తెర మీద అంకె వచ్చింది. మామయ్య చూడటానికి ముందుకు వంగబోతుంటే టప్ మని శబ్దం. అయస్కాంతం ఊడిపోయి షెడ్డు రేకుకు తగిలింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఇంజన్ ఆపి కూర్చున్నాక లెక్క వేశాను, అది ముందే వేయాల్సింది. అంచు కేంద్రం నుంచి 25 సెంటీమీటర్లు. 1500 ఆర్‌పీఎంలో అక్కడ వస్తువు బరువుకు 600 రెట్లకు పైగా బలం బయటికి లాగుతుంది. రెండు గ్రాముల అయస్కాంతానికి కిలోంపావు. నూనె అంటిన పోత ఇనుము మీద జిగురుకు అంత ఓపిక ఉండదు. దయచేసి తిరిగే చక్రం అంచు మీద ఏదీ ఉత్త జిగురుతో అతికించకండి, ఆ అంచుకు ఎదురుగా నిలబడకండి. నేను రెండూ చేశాను.

దారి చూపించింది ఊళ్లో లేత్ మెషిన్ నడిపే అన్న. ఇంజన్‌ను ఆల్టర్నేటర్‌తో కలిపే కప్లింగ్‌కి అలెన్ బోల్టులు (తలలో ఆరు పలకల గుంత ఉండేవి) ఉన్నాయి కదా, ఒక బోల్టు తల గుంతలోనే పెట్టమన్నాడు. 10 మిల్లీమీటర్ల బోల్టు గుంతలో 6 మిల్లీమీటర్ల అయస్కాంతం జిగురుతో సహా సరిగ్గా కూర్చుంది. అక్కడ వ్యాసార్థం తక్కువ, పైగా బయటికి తోసే బలాన్ని జిగురు కాకుండా బోల్టు గోడే ఆపుతుంది. చుట్టూ ఇనుము ఉంటే అయస్కాంత బలం తగ్గుతుందేమోనని భయపడ్డాను. ఒక మిల్లీమీటరు పైకి కనపడేలా పెట్టి, సెన్సర్‌ను మూడు మిల్లీమీటర్ల దూరంలో రేకు క్లాంపుకు బిగిస్తే ఒక్క చుట్టు కూడా తప్పలేదు. ఆయన డబ్బు తీసుకోలేదు.

ఆ సంతోషం ఆల్టర్నేటర్ మీద లోడు వేసేదాకే. రెండు ఫోకస్ లైట్లు వేయగానే తెర మీద 3000, 4500, 11000. సెన్సర్ నుంచి బోర్డు దాకా మూడు మీటర్ల మామూలు వైరు ఆల్టర్నేటర్ కేబుల్ పక్కనే పోతోంది. రాని పల్స్‌లు పుట్టుకొస్తున్నాయి. టెంట్ హౌస్‌లో మైకు కేబుల్‌కు కొదవ లేదు. షీల్డు ఉన్న మైకు కేబుల్ తీసుకుని, షీల్డును బోర్డు వైపు మాత్రమే గ్రౌండ్ చేసి, పుల్-అప్‌ను 10 కిలోఓమ్‌ల నుంచి 1 కిలోఓమ్‌కు తగ్గించి, పిన్ దగ్గర 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాను. దాంతోపాటు ప్రోగ్రాంలో 20 మిల్లీసెకన్ల కంటే ముందే వచ్చిన పల్స్‌ను పట్టించుకోవద్దని రాశాను, ఈ ఇంజన్ 3000 ఎటూ తిరగదు కాబట్టి. డిసెంబర్ 29 సాయంత్రానికి అంకె కుదురుకుంది.

ప్రతి చుట్టుకూ కొంచెం తేడా కనపడుతుంటే అది ఇంజన్‌దా, నా ఇంటరప్ట్ ఆలస్యానిదా అనే అనుమానం మాత్రం తీరలేదు. ఊనోలోని ప్రధాన చిప్ అట్మెగా328పీలో ఇన్‌పుట్ క్యాప్చర్ అని ఒక సదుపాయం ఉంది. పల్స్ వచ్చిన క్షణానికి టైమర్ విలువను హార్డ్‌వేరే రాసి పెట్టుకుంటుంది, ప్రోగ్రాం ఎంత ఆలస్యంగా వచ్చి చదివినా ఫర్వాలేదు. ఊనోలో అది 8వ పిన్. చిప్‌లో కాలం లెక్కపెట్టే టైమర్-1ను అర మైక్రోసెకను మెట్లతో పెట్టి జనవరి 4న నడిపితే తెర మీద 8296 అని వచ్చింది. నేను పెట్టిన 20 మిల్లీసెకన్ల హద్దును ఈ కొత్త ప్రోగ్రాంలో ఇంకా చేర్చలేదు, అందుకని మళ్లీ నాయిసే (పక్క వైర్ల నుంచి చొరబడే దొంగ పల్స్‌లే) అనుకుని కేబుల్ మీద ఒక రోజంతా పోగొట్టుకున్నాను. కేబుల్‌లో ఏమీ లేదు. ఆ టైమర్ 16 బిట్లది, 65,536 దాకానే లెక్కపెడుతుంది. అర మైక్రోసెకను చొప్పున 32.8 మిల్లీసెకన్లకే నిండిపోతుంది. నాది 40 మిల్లీసెకన్ల చుట్టు, అంటే 80,000 మెట్లు. అందులోంచి 65,536 పోతే మిగిలేది 14,464. దాని ప్రకారం లెక్కకడితే సరిగ్గా 8296 ఆర్‌పీఎం. టైమర్ ఎన్నిసార్లు నిండిందో లెక్కపెట్టి కలపాలి.

అది కలిపాక అంతా బాగుందనిపించింది. కానీ నాలుగైదు నిమిషాలకోసారి ఒక 8296, దాని వెంటనే ఒక 824 వచ్చేవి. ఎప్పుడూ జంటగానే. ఆ జంటే నాకు కారణం చెప్పింది: ఒక చుట్టులో తక్కువ పడిన 65,536 మెట్లు తర్వాతి చుట్టులో ఎక్కువ పడుతున్నాయి. టైమర్ నిండిన మరుక్షణమే పల్స్ వస్తే, క్యాప్చర్ ఇంటరప్ట్‌కే ముందు వంతు. నిండిన లెక్క ఇంకా పెరగకముందే నేను చదివేస్తున్నాను. క్యాప్చర్ ఇంటరప్ట్‌లో ఓవర్‌ఫ్లో జెండా (టైమర్ నిండిందని చిప్ పెట్టే గుర్తు) లేచి ఉందా అని చూసి, ఉండి క్యాప్చర్ విలువ సగం కన్నా తక్కువైతే ఒకటి కలిపి లెక్క వేయాలి. రెండు లైన్ల కోడ్. దొరకడానికి మూడు రాత్రులు. దొరికిన రాత్రి గంటసేపు తెర వైపే చూస్తూ కూర్చున్నాను, ఒక్క తప్పు అంకె రాలేదు. ఆ ఆనందం ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది, అప్పటికి రాత్రి ఒంటిగంట.

ఇంత ఖచ్చితంగా వస్తున్న అంకె అసలు నిజమేనా అని సరిచూడటానికి ఇంటి కరెంటునే కొలిచాను. 9 వోల్టుల చిన్న ట్రాన్స్‌ఫార్మర్, ఆప్టోకప్లర్ (సిగ్నల్‌ను కాంతితో దాటించే భాగం) పెట్టి అదే 8వ పిన్‌కు ఇచ్చాను. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా 230 వోల్టులతో ఇలాంటివి చేయవద్దు. 50.08, 50.11, 50.05 వచ్చాయి. మన గ్రిడ్ ఉండాల్సిన పట్టీ 49.90 నుంచి 50.05 హెర్ట్జ్. దేశమంతా ఒకటే గ్రిడ్, దక్షిణాది కూడా 2013 డిసెంబర్ 31న కలిసింది, కాబట్టి గ్రిడ్‌ను నడిపే లోడ్ డిస్పాచ్ వాళ్లు చూపించే ఫ్రీక్వెన్సీ మా రూములో ప్లగ్గులోనూ ఉండాలి. పక్కపక్కన పెట్టి చూస్తే నాది ఎప్పుడూ ఓ 0.1 ఎక్కువ. గ్రిడ్ తగ్గినప్పుడు నాదీ తగ్గుతోంది, ఆ తేడా మాత్రం అలాగే ఉంది. తప్పు నా బోర్డు గడియారంలో ఉండాలి.

దాన్ని తేల్చడానికి జీపీఎస్ కొన్నాను, నియో-6ఎం మాడ్యూల్, 420 రూపాయలు. ఉపగ్రహాలు దొరికాక అది సెకనుకు ఒక పల్స్ చాలా ఖచ్చితంగా ఇస్తుంది. నాకు దొరికిన మాడ్యూల్‌లో ఆ పల్స్‌కు పిన్నే లేదు, నాలుగే పిన్‌లు. మీద మిణుకుమనే చిన్న లైటుకు పోయేది ఆ పల్సే కాబట్టి, లైటు ముందున్న రెసిస్టర్‌కు సన్నటి వైరు సోల్డర్ చేశాను. చేతులు వణికాయి. రూములో సిగ్నల్ అందలేదు, డాబా మీద పెట్టాక 20 నిమిషాలకు లైటు కొట్టుకోవడం మొదలైంది. అదే ప్రోగ్రాం, అదే పిన్. సెకనుకు 20,00,000 మెట్లు రావాలి. నా ఊనో 19,96,040 చూపించింది. దాదాపు 0.2 శాతం తక్కువ, 1500ను 1503గా చూపించే తేడా. గ్రిడ్ దగ్గర కనపడిన ఆ 0.1 హెర్ట్జ్ ఇదే. ఊనోలో ప్రధాన చిప్‌కు గడియారంగా క్వార్ట్జ్ క్రిస్టల్ కాదు, అంత ఖచ్చితం కాని సిరామిక్ రెసొనేటర్ ఉంటుందని నాకు అప్పుడు తెలిసింది. బోర్డు మీద మెరిసే క్రిస్టల్ యూఎస్‌బీ చిప్‌ది. 650 పెట్టి చిప్‌కే క్రిస్టల్ ఉన్న బోర్డు తెచ్చాను. దానిలో 19,99,930. ఇక ఆ తేడా 0.05 ఆర్‌పీఎం. గడియారం గురించి బెంగ తీరింది.

సంక్రాంతికి మూడు రోజులు సెలవు. భోగి రోజు, జనవరి 13న, పొద్దున పదింటికి షెడ్డులో కూర్చున్నాం. నేను, మామయ్య, మెకానిక్ అన్న. లోడు కోసం 1000 వాట్ల హాలోజెన్ ఫోకస్ లైట్లు ఐదు వరసగా నిలబెట్టాం. ఇంజన్ ఒట్టిగా తిరుగుతుంటే 1552. మెకానిక్ అన్న చెవి తప్పు చెప్పలేదు. లోడు లేనప్పుడు కొంచెం ఎక్కువే ఉండాలి, అంతే ఉంది.

లైట్లు వేసుకుంటూ పోతుంటే ల్యాప్‌టాప్‌లో వరసలు ఇలా వచ్చాయి: 1489, 1502, 1490, 1501, 1488, 1502. ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ. నాకు మళ్లీ టెన్షన్ మొదలైంది, ఇంకా ఏదో తప్పు మిగిలిందని. రెండు అయస్కాంతాలు ఉంటే వాటి మధ్య దూరం సమానంగా లేదనుకోవచ్చు. నాది ఒకటే అయస్కాంతం, ఒకటే సెన్సర్, కొలిచేది పూర్తి చుట్టు. మెకానిక్ అన్న వరసలు కాసేపు చూసి, "రెండు సుట్లకు ఒక్కసారే కదా పేలేది" అన్నాడు. నాలుగు స్ట్రోకుల ఇంజన్, ఒకటే సిలిండర్. ఒక చుట్టులో నెడుతుంది, మరో చుట్టులో ఆ ఊపు మీదే తిరుగుతుంది. నేను తప్పనుకుని తీసేయబోయింది ఇంజన్ నిజంగా చేస్తున్న పని. మీటరు ఇంత సన్నటి తేడాను పట్టుకుంటోందంటే దాన్ని నమ్మవచ్చని నాకు మొదటిసారి అనిపించింది అప్పుడే. తెర మీద చూపించడానికి రెండు చుట్ల సగటు తీసుకున్నాను. ఒకే సిలిండర్ ఉన్నప్పుడు సరి సంఖ్యలోనే చుట్లు కలపాలి, మూడో ఐదో కలిపితే అంకె ఊరికే ఊగుతుంది.

సగటు తీశాక అసలు రోగం బయటపడింది. మూడు లైట్ల దగ్గర వేగం 1450కి పడి 1510కి లేచి, దాదాపు రెండు సెకన్లకోసారి అదే పనిగా ఊగుతోంది. ఐదు లైట్లకు 1402కు దిగిపోయి అక్కడే ఉంది, అంటే 46.7 హెర్ట్జ్. మల్టీమీటర్ కూడా అదే చెప్పింది. లోడు లేకుండా ఎంతసేపు విన్నా ఇది తెలిసేది కాదు. మెకానిక్ అన్న ఆ వరసలు చూశాక ఇంకొకరు చెప్పే పని లేకుండానే లేచాడు. డీజిల్ ఫిల్టర్ విప్పితే నల్లటి మడ్డి. ఇంజన్ వేగాన్ని నిలకడగా ఉంచే గవర్నర్ నుంచి డీజిల్ పంపుకు పోయే లింకు పిన్ అరిగి, పట్టుకుంటూ వదులుతూ కదులుతోంది. ఫిల్టర్, పిన్, స్ప్రింగ్ కలిపి 1,350 రూపాయలు, ఆయన కూలి 600. కనుమ నాడు షాపులు లేవు, స్ప్రింగ్ నల్గొండ నుంచి రావడానికి జనవరి 18 అయింది. నేను అప్పటికే హైదరాబాద్ వచ్చేశాను. మామయ్య తెర ఫొటోలు వాట్సాప్‌లో పంపాడు: లోడు లేకుండా 1556, ఐదు లైట్లకు 1498. మధ్యలో ఎక్కడా ఊగలేదు.

మీటరుకు నాకైన ఖర్చు ఎరాల్డైట్, డబ్బాతో కలిపి 2,440 రూపాయలు, బస్సు చార్జీలు కాక. ఎల్‌సీడీ ఎండలో సరిగా కనపడదు, డబ్బాకు పైన రేకు ముక్కతో గొడుగులా చేశాం. ఇంజన్ అదురుకు బ్రెడ్‌బోర్డులో వైర్లు వదులయ్యాయి, అన్నీ సోల్డర్ చేసి డబ్బా కింద పాత ట్యూబు ముక్కలు వేశాం.

ఫిబ్రవరి 2, ఆదివారం పెళ్లికి నేనూ వెళ్లాను. పదకొండు దాటాక కావాలనే కరెంటు ఆపి జనరేటర్ వేయించాడు మామయ్య. వీడియో అబ్బాయి పక్కన నిలబడి యూపీఎస్ వైపు చూస్తూ ఉన్నాం. మొదట రెండు బీప్‌లు కొట్టింది, నా ప్రాణం పోయింది. తర్వాత పచ్చ లైటు వెలిగి ఊరుకుంది. తలంబ్రాలు అయ్యేదాకా తెర మీద 1520 దగ్గరే ఉంది. ఇప్పుడు మామయ్య డీజిల్ పోసిన ప్రతిసారీ డైరీలో లీటర్ల పక్కన ఆర్‌పీఎం కూడా రాస్తున్నాడు.